అంపశయ్య దగ్గరికి ఎలా వెళ్ళాలి

కర్నూలు పెద్దాసుపత్రి నుంచో, బళ్ళారి విమ్స్ నుంచో ఫోన్ వస్తుంది. "డాక్టర్లు ఇంక లాభం లేదంటాండారు. వచ్చి ఒకసారి చూసిపోండి." ఆ మాటకు అర్థమేమిటో ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో హడావిడి మొదలవుతుంది. బస్సు ఎన్ని గంటలకు, ఎవరెవరు పోవాలి, పిల్లల్ని తీసుకుపోవాలా వద్దా, చేతిలో డబ్బెంత ఉంది, బ్రెడ్డు కొనాలా బత్తాయిలు కొనాలా. ఇవన్నీ ఎలాగో తేలిపోతాయి. ఆ మంచం పక్కన నిలబడ్డాక ఏం చేయాలి, ఏం మాట్లాడాలి అన్నది మాత్రం తేలదు. దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగరు కూడా.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారింది గానీ జబ్బు ముదిరితే బళ్ళారి బస్సెక్కే అలవాటు పోలేదు. ఆలూరు మీదుగా పోతే అదే దగ్గర. కర్నూలుకైతే ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు దాటుకుని దాదాపు 100 కిలోమీటర్లు పోవాలి. ఎటు పోయినా బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవాలి. ఈ అధ్యాయం ఆ ప్రయాణం కోసం రాస్తున్నాను. వీలైతే ముందురోజు రాత్రే చదవండి.

మన కవులు చావు మీద గొప్ప పద్యాలు రాశారు. స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కోసం శ్రీశ్రీ రాసిన గేయం 'మహాప్రస్థానం' మొదట్లోనే కనిపిస్తుంది. భార్య పోయాక విశ్వనాథ సత్యనారాయణ 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. అవి పోయినవాళ్ళ కోసం రాసినవి. దినాలు అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీ అయ్యాక చదువుకోవాలి. మీరు పోతున్నది ఇంకా ఊపిరి ఉన్న మనిషి దగ్గరికి. ఆ మనిషి కళ్ళు తెరిచి మిమ్మల్ని చూడవచ్చు, మిమ్మల్ని ఏదో అడగవచ్చు. దానికి సరిపోయే కవిత్వం మన భాషలో దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి నుంచీ ఉంది. పదో తరగతిలో మార్కుల కోసం కొంత చదివాం. నాటకాల్లో కొంత విన్నాం. బతుకులో దాని అవసరం వచ్చిన రోజున మాత్రం గుర్తు చేసుకోం.

భీష్ముడు అంపశయ్య మీద ఉన్న ఘట్టం గురించి చెబుతున్నాను.

భారతంలో ఇది ఒకచోట ముగిసేది కాదు. భీష్మపర్వం చివర మొదలై, యుద్ధం ముగిశాక శాంతి, ఆనుశాసనిక పర్వాల దాకా సాగుతుంది. ఈ పర్వాలన్నిటినీ 13వ శతాబ్దంలో తిక్కన తెలుగు చేశాడు. మళ్ళీ 15వ శతాబ్దంలో పోతన భాగవతం ప్రథమస్కంధంలో అదే మంచం దగ్గరికి మనల్ని తీసుకుపోతాడు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు రెండు గ్రంథాలనూ తాత్పర్యాలతో అచ్చువేశారు. దొరకకపోతే మీ ఊరి గ్రంథాలయంలో అడగండి. పద్యం నోరు తిరగకపోతే తాత్పర్యం చదవండి, సిగ్గుపడాల్సిన పనిలేదు.

చదివేటప్పుడు ఒక పని చేయాలి. భీష్ముణ్ణి ప్రతిజ్ఞ పట్టిన మహావీరుడిగా చూడటం కాసేపు ఆపండి. మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టుంది. పక్కకు తిరగలేడు. చూడటానికి జనం వస్తూపోతూ ఉన్నారు. ప్రతి సన్నివేశం దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. వచ్చినవాళ్ళు ఏం తెచ్చారు? పడుకున్నాయన ఏం అడిగాడు?

మొదట దిండు. యుద్ధం పదో రోజున పడిపోయిన భీష్ముడి తల ఆసరా లేక వేలాడుతోంది. దిండు కావాలన్నాడు. రాజులు పరుగున పోయి మెత్తటి, ఖరీదైన దిండ్లు తెచ్చారు. ఆయన వద్దన్నాడు. అర్జునుడి వైపు తిరిగాడు. అర్జునుడు కన్నీళ్ళు పెట్టుకుంటూనే, నన్నేం చేయమంటావని అడిగాడు. అడిగి, ఆయన మనసు గ్రహించి, మూడు బాణాలు నాటి తల ఆనేట్లు చేశాడు. మర్నాడు నీళ్ళు. దాహమంటే మళ్ళీ రాజులు రకరకాల తినుబండారాలు, చల్లని నీళ్ళ కుండలు మోసుకొచ్చారు. మళ్ళీ వద్దన్నాడు. మళ్ళీ అర్జునుడే, భూమిలోంచి నీటిధార పుట్టించి నోటికందేలా చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. రాజులు చెడ్డవాళ్ళు కారు. తమ దగ్గర ఉన్నవాటిలో మంచివే తెచ్చారు. వార్డుల్లో మంచాల కింద చూడండి: ఎవరూ విప్పని బ్రెడ్డు ప్యాకెట్లు, వాడిపోతున్న పండ్లు, మూత తీయని హార్లిక్స్ సీసాలు. ప్రేమ లేక తెచ్చినవి కావు అవి. చివరి దశలో ఆకలి తగ్గిపోతుంది, మింగడం కష్టమవుతుంది. శరీరం తిండిని వద్దంటోంది. మింగలేని మనిషికి బలవంతంగా తాగించిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. "ఒక్క ముద్ద తిను నాయనా, నాకోసం తిను" అని మనం ప్రాధేయపడతాం. ఆయన మనకోసం తినలేక బాధపడతాడు. తిండి సంగతి నర్సును అడగండి. శుభ్రమైన గుడ్డ తడిపి పెదాలు అద్దవచ్చునా అని అడగండి, చాలావరకు సరేనంటారు. అర్జునుడు చేసిన పని అదే. ఏం కావాలో అడిగాడు, అది మాత్రమే చేశాడు.

వైద్యులు కూడా వచ్చారు. దుర్యోధనుడు బాణాలు పీకడంలో ఆరితేరిన వైద్యుల్ని సామగ్రితో సహా పిలిపించాడు. భీష్ముడు వాళ్ళకు డబ్బిచ్చి, గౌరవంగా పంపించేయమన్నాడు. తనకిప్పుడు వైద్యంతో పనిలేదన్నాడు. ఈ సన్నివేశం ఇంటి పెద్దలందరూ కలిసి కూర్చుని చదవాలని నా గట్టి అభిప్రాయం. వెంటిలేటర్ పెట్టాలా, హైదరాబాదు తీసుకుపోవాలా, ఉన్న రెండెకరాలు అమ్మైనా ఇంకో ఆస్పత్రి చూడాలా అని కారిడార్‌లో కొడుకులు కొట్టుకునేటప్పుడు, మంచం మీది మనిషి ఏమనుకుంటున్నాడో అడిగేవాళ్ళు ఉండరు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమని చెప్పింది. తనకు ఎలాంటి వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చంది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. మాట్లాడగలిగే రోజుల్లోనే అడగడం అన్నిటికన్నా మంచిది. అడగడం అంటే వదిలేయడం కాదు. భీష్ముడు వైద్యుల్ని పంపేశాక కూడా 58 రాత్రులు ఆ అంపశయ్య మీదే ఉన్నాడు, తనవాళ్ళు తన దగ్గరికి వస్తూనే ఉన్నారు.

ఇక కర్ణుడు. నా దృష్టిలో ఈ ఘట్టమంతటికీ గుండెకాయ ఇదే.

అందరూ వెళ్ళిపోయాక కర్ణుడు ఒంటరిగా వచ్చాడు. ఇద్దరికీ పడదు. భీష్ముడు నిండుసభల్లో కర్ణుణ్ణి చిన్నబుచ్చాడు. భీష్ముడు సేనాపతిగా ఉన్నంతకాలం యుద్ధానికి రానని కర్ణుడు పంతం పట్టాడు. అలాంటివాడు వచ్చి కాళ్ళ మీద పడి, ఏ తప్పూ చేయకపోయినా నీ కంటికి గిట్టనివాణ్ణి వచ్చానని చెప్పుకున్నాడు. భీష్ముడు మొదట చేసిన పని కాపలావాళ్ళను దూరంగా పంపించడం. తర్వాత ఒక చేత్తో దగ్గరికి తీసుకున్నాడు. నీ మీద నాకు ద్వేషం లేదన్నాడు. నువ్వు కుంతి కొడుకువు, నీ తమ్ముళ్ళతో కలిసిపో అన్నాడు. కర్ణుడు కలవనన్నాడు. దుర్యోధనుడి ఉప్పు తిన్నాను, వదిలిపెట్టలేనన్నాడు. తాను అన్న పరుషమైన మాటలకు మాత్రం క్షమించమన్నాడు. భీష్ముడు సరే, వెళ్ళి యుద్ధం చేసుకో అన్నాడు.

చూశారా, గొడవ తీరలేదు. ఎవరి పక్షం వాళ్ళదే. తీరింది మనసులోని కసి. మన పల్లెల్లో గెట్టు తగాదాతోనో, పాలు పంపకాలతోనో, పెళ్ళిలో అన్న ఒక మాటతోనో ఏళ్ళకేళ్ళు ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఫోన్ వచ్చినప్పుడు వాళ్ళను ఆపేది ఒకటే భయం: పోతే మళ్ళీ ఆ పంచాయితీ లేస్తుందేమో, పోతే ఓడిపోయినట్టేమో. కర్ణుడు ఓడిపోలేదు. మంచం దగ్గర పొలం లెక్కలు తేల్చుకోలేదు. మీరు ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే, జనం పల్చబడ్డాక, ఒంటరిగా పోండి. "అన్నా, నేను. తమ్ముణ్ణి. నేనేమన్నా మాట జారింటే మనసులో పెట్టుకోవద్దు" అంటే చాలు. ఆయన మీ మాట వినకపోవచ్చు, ముఖం తిప్పుకోవచ్చు. అయినా మీరు అనాల్సింది అన్నారు. దగ్గరున్న కుటుంబం వాళ్ళు కూడా కాపలావాళ్ళలాగా ఆ కాసేపు బయటికి పోవాలి. మంచం చుట్టూ పదిమంది నిలబడి ఉంటే అలాంటి మాట ఎవరి నోటా రాదు.

యుద్ధం అయిపోయింది. ధర్మరాజు పట్టాభిషేకం అయింది. ఇప్పుడతను భీష్ముడి దగ్గరికి పోవాలి, పోలేకపోతున్నాడు. తాతను పడగొట్టింది తన పక్షమే. ఏ ముఖం పెట్టుకుని పోవాలి? కృష్ణుడు వెంట తీసుకుపోయాడు. అక్కడికి పోయాక జరిగిన క్రమం జాగ్రత్తగా గమనించండి. భీష్ముడు మాట్లాడలేనన్నాడు. ఒళ్ళంతా మంటలు, మనసు నిలవడం లేదు. కృష్ణుడు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. ముందు నొప్పి, తాపం, దాహం లేకుండా చేశాడు. తెలివి తేటగా ఉండేట్లు చేశాడు. మాటలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి దగ్గర ఏ మంచిమాటా పనిచేయదు. మీరు పోయేసరికి ఆయన మూలుగుతూ ఉంటే, కూర్చోకముందే నర్సు దగ్గరికి పోయి నొప్పికి ఏమిస్తున్నారో అడగండి. క్యాన్సర్ చివరి దశలో వచ్చే నొప్పికి మార్ఫిన్ మంచి మందు. అలవాటైపోతుందేమోనని బంధువులే వద్దంటుంటారు. చివరి రోజుల్లో ఉన్న మనిషి విషయంలో ఆ భయానికి అర్థం లేదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది కూడా ఇలాంటి మందులు రోగులకు సులభంగా అందడం కోసమే. డాక్టరును గట్టిగా అడిగే హక్కు మీకుంది.

నొప్పి తగ్గాక ధర్మరాజు ఏం చేశాడు? ఓదార్చలేదు. "నీకేం కాదు తాతా, లేచి తిరుగుతావు" అనలేదు. అడిగాడు. రాజ్యం ఎలా నడపాలి, ఆపద వస్తే ఏం చేయాలి, మనిషికి ఏది మేలు. ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నాడు, తాత చెబుతూనే ఉన్నాడు. రెండు పర్వాలు నిండిపోయాయి. పొద్దున్నే మన ఇళ్ళల్లో, గుళ్ళల్లో మైకుల్లో వినే విష్ణుసహస్రనామం ఆ మంచం పక్కన ఒక మనవడు అడిగిన ప్రశ్నకు జవాబు. అతను అడగకపోయి ఉంటే అది లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చావుకు దగ్గరైన మనిషి దగ్గరికి చెప్పడానికి వెళ్ళకండి, అడగడానికి వెళ్ళండి. మనం చెప్పేవన్నీ మన భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి చెప్పేవే. "ఏం కాదు" అంటాం, ఆయనకు తెలుసు ఏమవుతోందో. "ధైర్యంగా ఉండు" అంటాం, ధైర్యం కావలసింది మనకు. మంచం పట్టిన మనిషి కొన్ని రోజులుగా అందరి చేతుల్లో పడి ఉన్నాడు. ఒకరు సూది గుచ్చుతారు, ఒకరు పక్క మారుస్తారు, ఒకరు తాగిస్తారు. ఆయన్ను ఏదైనా ఇవ్వమని అడిగినవాళ్ళు లేరు. మీరు ఒక ప్రశ్న అడిగితే ఆయన మళ్ళీ ఇంటిపెద్ద అవుతాడు.

ఏం అడగాలి? ధర్మరాజు స్థాయి ప్రశ్నలు అక్కర్లేదు. మీ ఇంటివే అడగండి. "మన చేని గెట్టు మీద చింతచెట్టు నాటింది ఎవరు తాతా?" "మొదటిసారి ఆదోని మార్కెట్టుకు పత్తి తోలుకొని పోయినప్పుడు ధరెంత పలికింది?" "అవ్వా, నీ పెండ్లికి బండ్లు కట్టుకొని వచ్చినారంట కదా, ఎన్ని దినాలు చేసినారు?" ముందురోజు రాత్రి ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో ఆ ఒక్క మనిషికే తెలిసిన సంగతులు ఏమేమున్నాయో రాసుకోండి. రాస్తుంటే చాలామందికి కన్నీళ్ళు వస్తాయి. రానివ్వండి. అక్కడ రాకుండా కొంత ఇక్కడే వస్తాయి. జాబితా అక్కడ బయటికి తీయకండి. ఒక్క ప్రశ్న మనసులో ఉంటే చాలు.

ఎమ్మిగనూరు చేనేత కుటుంబంలోని ఒక పెద్దాయనను కర్నూలులో చూడటానికి పోయినప్పుడు నేను చూసిన దృశ్యం చెబుతాను. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘానికి జీవితమంతా నేసిన మనిషి. ఊళ్ళో అందరూ దాన్ని సొసైటీ అంటారు. ఆయన మాట్లాడటం దాదాపు మానేశాడు. కుడిచేతి వేళ్ళు మాత్రం కప్పిన దుప్పటి అంచును పట్టుకుని నలుపుతూనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఆ చేతిని చూసి కంగారుపడుతున్నారు, పట్టుకుని ఆపబోతున్నారు. చిన్న కూతురు మంచం పట్టె మీద కూర్చుని, తనూ ఆ అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని చూసి అడిగింది:

"నాయనా, ఇది మన సొసైటీ దుప్పటేనా?"

చాలాసేపు జవాబు లేదు. తర్వాత గొంతు పెగుల్చుకుని అన్నాడు.

"కాదులేమ్మా. పేక పల్చగుండాది. మిల్లుది."

"మనదైతే ఎట్లుంటాది?"

ఆయన చెప్పాడు. పడుగు ఎలా ఉండాలో, పేక ఎంత దగ్గరగా కొట్టాలో, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మొదటిరోజు వాళ్ళ నాయన ఏమని తిట్టాడో. ఒక్కో మాటకు మధ్య చాలా ఎడం ఉంది. కూతురు తొందరపెట్టలేదు. చివరికి కొద్దిగా నవ్వాడు కూడా. చివరి రోజుల్లో కొందరు ఇలా దుప్పటిని నలపడం వైద్యులు తరచూ చూసేదే. అందరూ అక్కడ జబ్బును చూశారు. ఆ పిల్ల నేతగాణ్ణి చూసింది.

పోతన చూపిందీ ఇలాంటిదే. భాగవతంలో భీష్ముడు తన ఎదుట నిలబడ్డ కృష్ణుణ్ణి చూస్తున్నాడు. కానీ పద్యాల్లో కనబడేది యుద్ధంలోని కృష్ణుడు: గుర్రాల దుమ్ము పట్టిన ముఖం, పట్టలేని కోపంతో రథం మీంచి దూకి తన మీదికే వస్తున్న వేగం, వెనక అర్జునుడు పట్టుకుని ఆపబోవడం. తనను చంపడానికి వచ్చిన ఆ క్షణాన్ని ఆ ముసలాయన చావబోతూ ఎంత మురిపెంగా తలుచుకుంటాడో ఆ సీసపద్యం పైకి చదివితేనే తెలుస్తుంది. పెద్దగా, గొంతెత్తి చదవండి. కృష్ణుడు ఆ మాటలకు అడ్డు రాలేదు. ఇప్పుడవన్నీ ఎందుకులే, పడుకో అనలేదు. మీ పెద్దవాళ్ళు మిమ్మల్ని చూసి పాత సంగతులు ఎత్తుకుంటే, పేర్లు తారుమారు చేస్తే, చనిపోయిన తమ్ముడి పేరుతో మిమ్మల్ని పిలిస్తే, దిద్దకండి. ఆయన ఏ రోజులో ఉన్నాడో ఆ రోజులోకి మీరూ వెళ్ళండి. ఇంకో సంగతి. భీష్ముడు కృష్ణుణ్ణి మోక్షం కన్నా ముందు కోరింది, తాను పోయేదాకా కళ్ళెదుట ఉండమని. ఉండటమే ఆయన అడిగిన పని.

పరాయిదేశపు పద్యం ఒకటి కూడా ఇక్కడ చెప్పాలి. నార్మన్ మెకేగ్ (1910–1996) ఎడింబరోలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, కవి. ఆస్పత్రిలో చూడనిచ్చే వేళ గురించి ఆయన రాసిన 'విజిటింగ్ అవర్' అనే కవిత స్కాట్లాండ్ పిల్లలకు పాఠ్యాంశం. కవితలోని మనిషి వాసన పీలుస్తూ, నర్సుల్ని చూస్తూ, మనసును బిగబట్టుకుని కారిడార్ వెంట నడుస్తాడు. తప్పనిసరి అయ్యేదాకా ఏ బాధా లోపలికి రానివ్వకూడదని నిశ్చయించుకుంటాడు. మంచం దగ్గరికి చేరాక ఆమెకూ తనకూ మధ్య దాటలేని దూరం ఉందని తెలుస్తుంది. గంట కొడితే తడబడుతూ లేచి వచ్చేస్తాడు. తెచ్చిన పుస్తకాలు, పండ్లు అక్కడే మిగిలిపోతాయి. కురుక్షేత్రంలో రాజులు మోసుకొచ్చిన నీళ్ళకుండలు ఎడింబరోలో కూడా కనబడినప్పుడు, మనం ఒంటరివాళ్ళం కామని తెలిసి నాకు ధైర్యం కలిగింది. మెకేగ్ కవిత నుంచి నేర్చుకోవలసింది కారిడార్ గురించి. గుండె రాయి చేసుకుని నడిచిన మనిషికి మంచం దగ్గర ఆ రాయిని కరిగించే సమయం చిక్కదు. కాబట్టి వార్డులోకి పోకముందే బయట ఒక్క నిమిషం ఆగండి. ముఖం కడుక్కోండి. ఏడుపొస్తే ఏడవండి. ఫోన్ మూగబెట్టండి. లోపలికి పోయాక నిలబడకండి, కూర్చోండి. ఆయన కళ్ళు మీ ముఖం దాకా పైకెత్తనక్కర్లేకుండా ఆయన ఎత్తుకు మీ ముఖం తేండి.

స్పృహలో లేకపోతే? ఐసీయూలో ఐదు నిమిషాలే లోపలికి పంపుతారు, ముఖానికి మాస్కు, కళ్ళు మూసుకుని ఉన్నారు. అడగడానికి ఏముంది అనిపిస్తుంది. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, చివరి గడియల్లో స్పందన లేని కొందరు రోగుల మెదడు కూడా శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందిస్తోందని చూశారు. మాటల అర్థం ఎంతవరకు చేరుతుందో చెప్పలేరు, గొంతు చేరవచ్చు. ఆదోనిలో ముస్లిం కుటుంబాలు చివరి ఘడియల్లో మంచం పక్కన మెల్లగా యాసీన్ సూరా చదువుతారు. హిందువుల ఇళ్ళల్లో రామనామమో సహస్రనామమో చెవిలో పడేట్లు చూస్తారు. ఆ సంప్రదాయాలను వదలకండి. వాటికి మీ గొంతు కలపండి. "అవ్వా, నేను, పెద్దోడి కొడుకును. ఎమ్మిగనూరు నుంచి వచ్చినా" అని పేరు చెప్పి, చేయి పట్టుకుని, ఆమె మీకు చెప్పిన ఒక సంగతి ఆమెకే తిరిగి చెప్పండి. గొంతులో గురగుర శబ్దం వస్తుంటే, చేతులు చల్లబడుతుంటే బెదిరి అరవకండి. అది చివరి దశలో మామూలే. ఆ శబ్దం వల్ల మనకు కలిగేంత బాధ వాళ్ళకు ఉండదని వైద్యులు అంటారు. ఆమె తలదాపున నిలబడి "ఇంకెంతసేపంట?" అని మాత్రం ఎవరూ అనకుండా చూడండి.

వచ్చేయడం కూడా నేర్చుకోవలసిందే. భీష్ముడే ధర్మరాజును ఊరికి పంపించాడు. పోయి రాజ్యం చూసుకో, సూర్యుడు ఉత్తరానికి తిరిగాక రా అన్నాడు. ధర్మరాజు పోయాడు, రోజులు లెక్కపెట్టుకుని చెప్పిన వేళకు వచ్చాడు. మీరు లేచేటప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పండి. ఆదివారం వస్తానంటే ఆదివారం వెళ్ళండి. రాలేనని తెలిస్తే వస్తానని చెప్పకండి. "నీ దగ్గర పెరిగినా, నువ్వు చెప్పినవన్నీ నాకు గుర్తుండాయి" అని చెప్పి రండి.

మరి అసలు రాలేనివాళ్ళు? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి సుగ్గికి, అంటే కూలిపనికి వలస, పోయినవాళ్ళు గుంటూరు మిరపచేలల్లో ఉంటారు. ఇంకొందరు బెంగళూరులో కట్టడాల పనిలో ఉంటారు. కూలి వదులుకుని, బస్సులు మారుకుంటూ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఆ బాధను వాళ్ళు ఏళ్ళ తరబడి మోస్తారు. అలాంటివాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఆస్పత్రిలో ఉన్న మీరు ఒక పని చేయాలి. వీడియో కాల్ పెట్టి ముఖం చూపించడంతో ఆపకండి. ఆ వెలుతురు కళ్ళల్లో కొట్టడం, అవతల ఏడుపులు, ఇవతల ఏడుపులు, అందులో మాట వినబడదు. మామూలు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టకుండా, పెద్దాయన చెవి దగ్గర పట్టుకోండి. అవతలివాళ్ళతో ముందే చెప్పండి: మాట్లాడేది నువ్వొక్కడివే, ఎవరూ వినరు, జవాబు రాకపోయినా మాట్లాడు, నాయనను ఏదో ఒకటి అడుగు. చెప్పి ఫోన్ ఆయన చెవికి ఆనించి, మీరు ముఖం అటు తిప్పుకుని, చేయి నొప్పిపెట్టినా అలాగే పట్టుకుని ఉండండి.